కుక్కకి దురద తగ్గట్లేదా? షాంపూ, మాత్ర, ఇంజెక్షన్, తిండి మార్పుల్లో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

రాత్రి రెండింటికి మా ఇంట్లో ఒక చప్పుడు వినిపించేది. వెనక కాలు గచ్చుకి టపటపా కొట్టుకునే చప్పుడు. అది ఆగితే చప్ చప్ మని పాదం నాకుతున్న చప్పుడు. మా జిమ్మీ లేత పసుపు లాబ్రడార్. వాడి ముందు పాదాల మీద బొచ్చు మెల్లగా ఇటుక రంగుకి తిరిగింది. పార్కులో అంటుకున్న ఎర్రమట్టి అనుకుని నెల రోజులు కడిగాం. మట్టి కాదు, ఉమ్ము. కుక్క ఉమ్ములో పోర్ఫిరిన్లనే పదార్థాలు ఉంటాయి. పదే పదే నాకిన చోట బొచ్చుకి అవి పట్టేసి ఎర్రబారుస్తాయి. లేత రంగు కుక్కకి పాదాలు అలా తయారయ్యాయంటే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడో నిద్రలో ఉన్నప్పుడో అది గంటల తరబడి నాకుతోందని లెక్క.

ఆ తర్వాత రెండేళ్లలో మేం కొన్నవి చెబితే నవ్వుతారు. మూడు రకాల షాంపూలు, వేప సబ్బు, పిడుదుల పౌడరు, చేపనూనె గొట్టాలు, అలర్జీ రాదని సంచి మీద రాసిన ఖరీదైన డ్రై ఫుడ్, మధ్యమధ్యలో ఇంజెక్షన్లు. ప్రతిసారీ షాపులోనూ, క్లినిక్‌లోనూ ఒకటే అడిగేవాళ్లం: "వీటిలో ఏది బెస్టండీ?" గొడుగు మంచిదా, చెప్పులు మంచివా అని అడిగినట్టు ఉండేది ఆ ప్రశ్న. షాంపూ చేసే పని మాత్ర చేయదు, మాత్ర చేసే పని తిండి మార్పు చేయదు. కొన్ని దురదని అణుస్తాయి, కొన్ని దురద పుట్టించేదాన్ని తీసేస్తాయి, కొన్ని దెబ్బతిన్న చర్మాన్ని కాపాడతాయి. ఒకే పని చేసేవాటిని ఒకదానితో ఒకటి పోల్చుకుంటేనే మన డబ్బుకి అర్థం ఉంటుంది. ఇందులో ఆ లెక్కనే పోల్చాను.

ముందు పురుగుల సంగతి

కుక్క ఒంటి మీద ఏది పాకినా మనవాళ్లు గోమార్లనో పిడుదులనో అనేస్తారు. ఇక్కడ తేడా తెలియాలి. పిడుదు చర్మానికి అంటుకుని, రక్తం తాగి బటాణీ గింజలా ఉబ్బుతుంది, లాగితే వస్తుంది. ఫ్లీ అలా కాదు. నల్లగా, పక్కలనుంచి నొక్కేసినట్టు సన్నగా ఉంటుంది, వేలు పెడితే గెంతి మాయమవుతుంది. అలర్జీ విషయంలో అసలు దొంగ ఈ రెండోదే. దాని ఉమ్ము పడని కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. అందుకే "మా కుక్క మీద ఒక్క పురుగు కూడా కనపడలేదండీ" అనే మాట దేన్నీ తేల్చదు. దురద పెట్టిన కుక్క తనే కొరికి మింగేస్తుంది కూడా.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. కుక్కని తెల్ల గుడ్డ మీద నిలబెట్టి, తోక మొదట్లో దువ్వెనతో ఎదురు దువ్వండి. మిరియాల పొడిలా నల్లటి నలుసులు రాలతాయి. వాటిని తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగండి. చుట్టూ ఎర్రటి గోధుమరంగు చెమ్మ దిగితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. నల్లగానే ఉండిపోతే మామూలు దుమ్ము.

గోక్కునే చోటు కూడా సగం కథ చెబుతుంది. తోక మొదలు, నడుము, వెనక తొడలు అయితే ముందు ఫ్లీలనే అనుమానించండి. పాదాలు, మూతి, చెవులు, చంకలు, పొత్తికడుపు అయితే గాలిలో, ఇంట్లో ఉండేవాటి అలర్జీ, అంటే అటోపీ, లేదా తిండి అలర్జీ. చెవుల అంచులు, మోచేతులు పొట్టు రేగి, ఇంట్లో మీకు కూడా చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తుంటే అది అలర్జీ కాకపోవచ్చు, గజ్జి కావచ్చు. చెవి అంచుని రెండు వేళ్ల మధ్య నలిపితే వెనక కాలు దానంతటదే గోకడం మొదలుపెడుతుందా చూడండి. డాక్టర్లు కూడా మొదట చూసేది అదే.

ఇక మందులు. పౌడరు చవక, కానీ వాడిన రెండో రోజుకే ఇల్లంతా దుమ్ము, కుక్క దాన్ని నాకుతుంది. మా ఇంట్లో అది బాత్రూమ్ అటక మీదే ఉండిపోయింది. మెడ వెనక చుక్కలు వేసే ఫిప్రోనిల్ లాంటి మందు మంచిదే. ఒక్క చిక్కు ఉంది: వేసే ముందు, వేసిన తర్వాత రెండు రోజులు స్నానం కుదరదు, తరచూ షాంపూ చేస్తే పట్టు తగ్గుతుంది. అలర్జీ కుక్కకి వారానికి ఒకటి రెండు మందు స్నానాలు తప్పవు కాబట్టి ఈ రెండూ కలిసి నడవవు. మెడ పట్టీదీ ఇదే ఇబ్బంది. నోటి ద్వారా ఇచ్చే నమిలే మాత్రలకి స్నానంతో పేచీ లేదు. అఫోక్సోలానర్, సారోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ అయితే 12 వారాలకొకటి. ఇవి ఫ్లీలతోపాటు పిడుదుల్నీ చంపుతాయి, గజ్జి పురుగుల మీదా బాగా పనిచేస్తాయి. ఖరీదు ఎక్కువే. కానీ అలర్జీ ఉన్న కుక్కకి నా ఓటు వీటికే. ఒక్క మినహాయింపు: గతంలో ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. ఈ రకం మందులతో వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు గురించి ఒక మాట. "ఈ ఇంజెక్షన్ వేస్తే అన్నీ పోతాయి" అని చాలాచోట్ల అంటారు. కాలీ, షెల్టీ లాంటి గొర్రెల కాపరి జాతుల్లో కొన్ని కుక్కలకి జన్యులోపం వల్ల ఆ మందు మెదడులోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. సరైన నమిలే మాత్ర ఉండగా ఆ రిస్కు దేనికి? ఇంట్లో పిల్లి కూడా ఉందా? అయితే పర్మెత్రిన్ ఉన్న కుక్క మందులు గుమ్మం దాటి లోపలికి రానీయకండి. పిల్లికి అది విషం.

ఏ మందు వాడినా మూడు నెలలు వరుసగా వాడాలి. ఒంటి మీద కనిపించే ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతం. మిగతావి గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా దాని పరుపులో, సోఫా సందుల్లో, మంచం కింద ఉంటాయి. "మందు వేశాం, తగ్గలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఒక నెలకే ఆపేసినవాళ్లు. ఇంట్లో రెండో కుక్క ఉంటే దానికీ వేయాలి, అది గోక్కోకపోయినా సరే.

వాసన వస్తుంటే షాంపూ మాట

నానిన గోనెసంచి వాసన, పట్టుకుంటే జిడ్డు, వేళ్ల సందుల్లో గోధుమరంగు మడ్డి, చెవిలో నల్లటి గులిమి. ఇది మలసీజియా అనే ఈస్టు పెరిగిన గుర్తు. మా కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం వచ్చిందంటే ఇది తప్పదు. పొక్కులు, గుండ్రటి పెచ్చులు, చీము ఉంటే బాక్టీరియా. ఈ రెండూ అలర్జీ కాదు, అలర్జీ మీద వచ్చి కూర్చున్న అద్దెదార్లు. కానీ దురదలో సగం వీటిదే అయినప్పుడు, ఎంత ఖరీదైన మాత్ర వేసినా సగమే తగ్గుతుంది. మేం ఒక నెల మాత్రల డబ్బు అలా పోగొట్టుకున్నాం. చర్మం మీద సెల్లోటేప్ ముక్క అంటించి తీసి మైక్రోస్కోపు కింద చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది. మీ డాక్టరు చూడకుండానే యాంటీబయాటిక్ రాస్తుంటే, "ఒకసారి టేప్ తీసి చూస్తారా" అని మర్యాదగా అడగండి.

షాంపూల్లో పోలిక సులభం. సువాసన షాంపూలు, వేప షాంపూలు, ఓట్స్ షాంపూలు ఒక జట్టు. వీటిలో ఓట్స్‌ది పొడి చర్మానికి కాస్త హాయి, మిగతావి శుభ్రానికే. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం మైకోనజోల్ కలిసినది రెండో జట్టు. ఈస్టు, బాక్టీరియా రెండిటి మీదా పనిచేస్తుందని రుజువైనది ఇదే. మైకోనజోల్ బదులు కీటోకొనజోల్ ఉన్నవీ దొరుకుతాయి, ఫర్వాలేదు. సీసా ముందువైపు కుక్క బొమ్మ ఎంత అందంగా ఉందో చూడకండి, వెనకవైపు ఈ పేర్లు ఉన్నాయో లేదో చూడండి. మనుషుల షాంపూ వద్దు. మన చర్మం ఆమ్లగుణం ఎక్కువ, కుక్కది దాదాపు తటస్థం, పైగా పొర పలచన.

షాంపూ కంటే ముఖ్యం పది నిమిషాలు. నురగ వచ్చిందని వెంటనే నీళ్లు పోసేస్తే మందు డ్రైనేజీకి పోతుంది. మేం చేసే పద్ధతి ఇది. మొదట పాదాలు, చంకలు, పొత్తికడుపు, మెడ కింద రుద్దుతాం, ఎందుకంటే మందు ఎక్కువసేపు ఉండాల్సింది అక్కడే. వీపు ఆఖరున. ఫోన్లో టైమరు పెట్టి, ఒకరు మూతి పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చుంటారు. తర్వాత చేతికి జారుడు తగలనంతవరకు కడగాలి. వేళ్ల సందులు గుడ్డతో అద్ది ఆరబెట్టకపోతే చేసిన స్నానమంతా ఈస్టుకి విందు. డ్రయ్యరు వాడితే చల్లగాలి మీదే. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి.

ఇంకో సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. పొద్దున్నే ఫినాయిల్ నీళ్లతో గచ్చు తుడుస్తారు, చల్లగా ఉందని కుక్క దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. పొత్తికడుపు, బొచ్చు లేని చోట మాత్రమే ఎర్రగా కందితే రెండు వారాలు మామూలు నీళ్లతో తుడిచి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష.

దురద ఆపే మందులు: అసలు పోలిక ఇక్కడే

పురుగులు లేవు, ఇన్ఫెక్షన్ తగ్గింది, అయినా గోకుడు ఆగలేదు. అప్పుడు ఈ మందుల మాట. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య అటోపీ మొదలవుతుంది. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. అందుకే "ఇవాళ ఎంత తగ్గింది" అనే దానికంటే "ఐదేళ్లు వాడగలమా" అనేది చూడాలి.

ప్రెడ్నిసోలోన్, అంటే స్టెరాయిడ్. ధర చూస్తే దీనితో పోటీ పడేది లేదు, రెండు టీల ఖర్చుకి స్ట్రిప్ వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దురద చల్లారుతుంది. వాచిపోయిన చెవి, రసి కారే పుండు, ఒళ్లంతా మండిపోతున్న స్థితి, వీటికి వారం పది రోజులు వాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి పారిపోయేవాళ్లని చూస్తే నాకు చిరాకు కూడా. చిక్కంతా నెలల తరబడి వాడకంతోనే. కుక్క బకెట్లకొద్దీ నీళ్లు తాగుతుంది, రాత్రిళ్లు ఇంట్లోనే పోసేస్తుంది, ఎప్పుడూ ఆకలి ఆకలి అంటుంది. తర్వాత కండ కరిగి పొట్ట జారుతుంది, చర్మం పలచబడుతుంది, షుగరు కూడా రావచ్చు. హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెట్లు దిగాలి. నొప్పికి వాడే మెలోక్సికామ్ లాంటి మందుతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్ల దగ్గర తిరిగేవాళ్లు ఈ విషయంలో జాగ్రత్త.

ఇదే స్టెరాయిడ్‌లో మాత్రకీ, వారాలపాటు పనిచేసే ఇంజెక్షన్‌కీ చాలా తేడా. మాత్ర పడకపోతే తగ్గించుకోవచ్చు. ఇంజెక్షన్ ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి రాదు. మేం చేసిన పెద్ద తప్పు ఇదే. మూడు వారాలకోసారి తీసుకెళ్లడం, ఒక ఇంజెక్షన్, ఇంటికి రావడం. ఏ మందో అడగలేదు, చీటీ మీద చదవలేదు. "అలర్జీ ఇంజెక్షన్" అన్నారు, సరే అన్నాం. ఆరు నెలలకి జిమ్మీ పొట్ట వేలాడింది, మెట్లెక్కడానికి ఆయాసం. వేరే డాక్టరు పాత చీటీలు చూసి, ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పేర్చి, ఏమీ అనకుండా మా వైపు చూశారు. కాబట్టి ఇంజెక్షన్ వేసే ముందు మందు పేరు అడిగి రాసుకోండి. అలర్జీ ఇంజెక్షన్ అనే మాట కింద స్టెరాయిడ్ ఉండొచ్చు, కింద చెప్పబోయే యాంటీబాడీ ఉండొచ్చు, రెండూ ఒకటి కావు.

ఓక్లాసిటినిబ్. మార్కెట్లో అపోక్వెల్ అని ప్రసిద్ధి. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. దురద సంకేతాల్ని మోసే జేఏకే అనే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. వేసిన కొన్ని గంటల్లోనే తేడా కనిపిస్తుంది, స్టెరాయిడ్‌లా దాహం, మూత్రం పెరగవు. మొదటి 14 రోజుల వరకు రోజుకి రెండుసార్లు, తర్వాత ఒకసారి. రెండు నుంచి ఒకటికి దిగగానే కొన్ని కుక్కలకి దురద మళ్లీ తన్నుకొస్తుంది. అప్పుడు కంగారుపడి మళ్లీ రెండు మొదలుపెట్టకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. ఏడాది నిండని కుక్కకి ఇవ్వకూడదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, కణితులు ఉన్న కుక్కకి వద్దంటారు. దీర్ఘకాలం వాడితే మధ్యమధ్యలో రక్త పరీక్ష ఉంటుంది. ధర బరువుని బట్టి పెరుగుతుంది. ఐదు కిలోల షిట్జూ ఇంట్లో ఇది భరించగలిగే ఖర్చు, ముప్పై ఐదు కిలోల లాబ్రడార్ ఇంట్లో నెలవారీ బడ్జెట్‌లో ఒక గీత.

లోకివెట్‌మాబ్, పేరు సైటోపాయింట్. ఇది ఇంజెక్షన్, కానీ స్టెరాయిడ్ కాదు. దురదని మెదడుకి చేర్చే ఐఎల్-31 అనే ప్రోటీన్‌ని పట్టి ఆపే యాంటీబాడీ. ఒకసారి వేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు. వయసు పరిమితి లేదు, కాలేయం, కిడ్నీ జబ్బులున్న ముసలి కుక్కకి కూడా డాక్టర్లు ధైర్యంగా వాడతారు. మాత్ర మింగని మొండిఘటాలకి వరం. లోపం ఏమిటంటే ఇది దురద మీదే గురి. చెవి వాపు, చర్మం మందబారడం లాంటివాటిని అంతగా తగ్గించదు. కొన్ని కుక్కల్లో అసలు పనిచేయదు. ఫ్రిజ్ చల్లదనంలో ఉంచాల్సిన మందు కాబట్టి మీ ఊళ్లో ఎవరి దగ్గర స్టాక్ ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సైక్లోస్పోరిన్ నాలుగోది. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదట్లో వాంతులు, విరేచనాలు మామూలే. ఓక్లాసిటినిబ్ పడని, పాదాలు బాగా దెబ్బతిన్న కుక్కలకి చర్మ నిపుణులు రాస్తారు. మొదటి ఎంపిక కాదు.

సెటిరిజిన్ గురించి అందరూ అడుగుతారు, మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే మాత్ర కదా. కుక్కల్లో దాని ప్రభావం చాలా తక్కువ. తేలికపాటి దురదకి డాక్టరు మోతాదు చెబితే సరే. రాత్రి పదకొండుకి మందుల డబ్బా వెతికి, జలుబు మాత్ర మీద సెటిరిజిన్ అని కనిపించిందని వేసేయకండి. వాటిలో పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ లాంటివి కలిసి ఉంటాయి, అవి కుక్కకి ప్రమాదం.

తిండి: చికెన్ మానేస్తే సరిపోతుందా

సరిపోదు. చికెన్ మానేసి పెరుగన్నం మొదలుపెట్టిన ఇళ్లు నాకు తెలిసి పది ఉంటాయి. కుక్కల్లో తిండి అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. అంటే పెరుగు, పాలు, టీలో ముంచిన బిస్కెట్టు, అన్నీ ఆ జాబితాలోనే. ఒకటి తీసి ఇంకోటి పెడితే ఏదీ తేలదు.

తేలాలంటే ఎలిమినేషన్ డైట్ ఒక్కటే దారి. ఎనిమిది వారాలు ఒకే మాంసకృత్తు, ఒకే పిండిపదార్థం, మంచినీళ్లు. ఇక్కడ రెండు ఎంపికలు. ఒకటి డాక్టరు రాసే హైడ్రొలైజ్డ్ ఆహారం. అందులో ప్రోటీన్‌ని శరీరం గుర్తుపట్టనంత చిన్న ముక్కలు చేస్తారు. పోషకాలు సరిగ్గా ఉంటాయి, కొలత సులువు, ఖరీదు బాగా ఎక్కువ. షాపులో ఎవరైనా కొనుక్కోగల "సెన్సిటివ్ స్కిన్" సంచులతో దీన్ని కలపకండి, వాటిలో చికెన్ కొవ్వో, గుడ్డో ఎక్కడో ఒకచోట ఉంటుంది. మేం కొన్న "అలర్జీ రాదు" సంచి కథ అదే.

రెండోది ఇంట్లో వండటం. అది ఇంతవరకు తినని మాంసం ఎంచుకోవాలి. చికెన్ అన్నం మీద పెరిగిన కుక్కకి చేప, చిలగడదుంప పెట్టొచ్చు. చికెన్ పడదని అనుమానం ఉంటే బాతు వద్దు, బీఫ్ పడదని ఉంటే మేక, గొర్రె వద్దు, ఆ ప్రోటీన్లు ఒకదానికొకటి దగ్గర చుట్టాలు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ పడకూడదు. ఇంటి వంట ఎనిమిది వారాలకి ఫర్వాలేదు, ఏళ్ల తరబడి అయితే కాల్షియం, ఖనిజాల లెక్క డాక్టరుతో వేయించుకోవాలి.

నిజానికి ఈ పరీక్ష ఫెయిలయ్యేది తిండి ఎంపిక వల్ల కాదు, అమ్మమ్మ వల్ల. మా ఇంట్లో ఐదో వారంలో జిమ్మీ మూతికి పెరుగు అంటుకుని కనిపించింది. "పాపం, రెండు ముద్దలేగా" అన్నారు మా అత్తగారు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. పనిమనిషి, వాచ్‌మన్, పక్క ఫ్లాట్ పిల్లలు అందరికీ చెప్పాలి. మాంసం రుచి కలిపిన మాత్రలు, నమిలే బొమ్మ ఎముకలు కూడా ఆ ఎనిమిది వారాలు బంద్, ఫ్లీ మందు ఏది వాడాలో డాక్టర్ని అడగాలి. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో పదింట తొమ్మిదింటికి ఈ గడువులోనే తేడా కనిపిస్తుంది. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే అప్పుడే రుజువు. చాలామంది ఈ చివరి మెట్టు ఎక్కరు, తర్వాత జీవితాంతం అనుమానంతోనే వండుతుంటారు.

ఎక్కువగా ఎవరికి ఈ పరీక్ష? ఏడాదిలోపే దురద మొదలైన కుక్కకి, కాలంతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా గోకే కుక్కకి, దురదతోపాటు విరేచనాలు ఉన్న కుక్కకి. వానాకాలంలో మాత్రమే గోకేదానికి దీంతో మొదలుపెట్టడం టైమ్ వేస్టు.

పరీక్షలు, టీకాలు, వంటింటి వైద్యం

రక్తంతో, ఉమ్ముతో తిండి అలర్జీ చెబుతామనే పరీక్షలు నమ్మదగ్గవి కావు. ఆ డబ్బుతో ఎనిమిది వారాలు చేపలు కొనొచ్చు. దుమ్ము పురుగులు, పుప్పొడుల కోసం చేసే అలర్జీ పరీక్షలు వేరు. వాటి పని జబ్బు ఉందా లేదా చెప్పడం కాదు, ఇమ్యునోథెరపీ టీకాలో ఏవి కలపాలో చెప్పడం. కుక్కకి పడని వాటినే కొంచెం కొంచెంగా అలవాటు చేసే ఆ చికిత్సతో పదింట ఆరేడు కుక్కలు మెరుగుపడతాయి, తేలడానికి ఏడాది పట్టొచ్చు. కుక్క చిన్న వయసులో ఉండి, మీకు ఓపిక ఉంటే ఆలోచించదగ్గదే. టీకా చేయించే ఉద్దేశం లేకపోతే పరీక్ష చేయించకండి.

చేపనూనెలోని ఒమేగా-3 మంచిదే, రెండు మూడు నెలలు వాడితే మిగతా మందుల మోతాదు తగ్గించుకోవచ్చు. ఒంటరిగా దురద ఆపలేదు. కొబ్బరినూనె రాస్తే నాకుతుంది, నాకిన చోటే మళ్లీ తడి. పసుపు వల్ల కుక్క కంటే సోఫాకి ఎక్కువ మార్పు. కర్పూరం, టీ ట్రీ ఆయిల్ విషాలు, వాటి జోలికి వెళ్లకండి. ఇక వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ పూయడం ఇంకా పల్లెల్లో చూస్తున్నాం. ఒళ్లు కాలి, నాకి కడుపులోకి వెళ్లి కుక్కలు చచ్చిపోతాయి. మనుషుల గజ్జి క్రీములు కూడా అంతే, చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, కుక్క మొత్తం నాకేస్తుంది.

మీ ఇంటికి ఏది సరిపోతుంది

ఖర్చు ముఖ్యం అనుకుంటే వరస ఇది: ఫ్లీ మాత్ర మూడు నెలలు, క్లోర్‌హెక్సిడిన్ స్నానం, మంట రేగిన రోజుల్లో కొద్దికాలం స్టెరాయిడ్ మాత్ర. సగం కుక్కలు ఇక్కడితోనే కుదుటపడతాయని నా అనుభవం. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు దగ్గరైతే చర్మం గీరి చూసే పరీక్షకి అక్కడికి వెళ్లండి. ఓపిగ్గా చూస్తారు, విద్యార్థులు చుట్టూ చేరతారు, సగం రోజు పడుతుంది.

ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే గోకే కుక్కకి ఆ నెలల్లో ఓక్లాసిటినిబ్. ఏడాది పొడవునా గోకే ముసలి కుక్కకి, లేదా మాత్ర కోసం రోజూ యుద్ధం చేసే ఇంటికి లోకివెట్‌మాబ్. ఏడాది నిండని పిల్లకి ముందు తిండి పరీక్ష, తప్పకపోతే లోకివెట్‌మాబ్. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి, స్నానాలు చేయించలేని ఇల్లైతే ఆ మాట డాక్టరుకి నిజం చెప్పండి. చేయని స్నానాన్ని లెక్కలో వేసుకుని రాసిన చీటీ ఎవరికీ పనికిరాదు.

ముఖం ఉన్నట్టుండి ఉబ్బినా, ఊపిరి కష్టమైనా, కొన్ని గంటల్లోనే అరచేయంత తడి పుండు లేచినా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి వెంటనే బయలుదేరండి. మిగతా రోజుల్లో వంటగదిలో గోడ క్యాలెండరు చాలు. ప్రతి రాత్రి దురదకి పదికి ఎంతో ఒక అంకె వేయండి, కొత్త మందు, స్నానం, దొంగచాటు పెరుగు, అన్నీ అదే గడిలో రాయండి. మా క్యాలెండరులో పోయిన ఆగస్టు నిండా ఏడులూ ఎనిమిదులూ. ఈ నెలలో రెండు దాటిన రోజులు నాలుగు, వాటిలో రెండు రోజులు అత్తగారి చేతిరాతతో "పెరుగు" అని ఉంది.